సిస్టరమ్మ పొద్దుటి కుప్ప

"తమ్మీ, మెడలు సూసే అమ్మ పోయిందే" అని రిగ్గన్న ఫోన్ చేసినప్పుడు నేను డిపోలో జామాయిల్ దుంగలు కొలుస్తున్నాను. చలికాలం, మెడకు మఫ్లర్ ఉంది. నాకు తెలియకుండానే చెయ్యి దాని మీదికి పోయింది. ఆమె ఎదురుగా కూర్చున్నప్పుడు మేమందరం చేసిన పని అదే.

మర్నాడు సమాధుల దగ్గర పాస్టరు గారు ఆమె నర్సు ఉద్యోగం గురించి, అడవిలో గుంపులనే చిన్న గూడేల్లో చేసిన కాన్పుల గురించి, రిటైరైనాక కూడా ఎవరు పిలిచినా వెళ్ళిన సంగతి గురించి చెప్పారు. పోకర్ గురించి చెప్పలేదు. అది ఆయనకు తెలియదు, తెలిసినా అక్కడ చెప్పేది కాదు. తెలిసినవాళ్ళం ఇరవై మందిమి వెనక నిలబడ్డాం. మాలో పుస్తకంలో ఏదైనా రాసుకునే అలవాటున్నది నాకొక్కడికే. నా రాత దుంగ పొడవు, చుట్టుకొలత, ఘనపరిమాణం దాటి ఎప్పుడూ పోలేదు. అయినా ఇది నేనే రాయాలి. ఎందుకో చివరికి తెలుస్తుంది.

రిగ్గన్నకు బోరు బండ్లు రెండున్నాయి. గోవా వెళ్ళి పోకర్ నేర్చుకొచ్చి, ఏటా క్రిస్మస్ పోయిన తర్వాతి శనివారం ఏన్కూరు దాటినాక ఉన్న తన మామిడి తోటలో పోటీ పెట్టేవాడు. ప్రవేశ రుసుం లేదు, పందెం లేదు. "పైసలు పెడితే పోలీసోళ్ళొస్తరు, పెట్టకుంటే సుట్టాలొస్తరు. నాకు సుట్టాలే నయం" అనేవాడు. బహుమతి మాత్రం ఒకటుంది. గెలిచినవాళ్ళు చూపించిన చోట మూడువందల అడుగుల దాకా బోరు వేసిస్తాడు.

ఇరవై నాలుగు మందిమి మూడు చాపల మీద కూర్చునేవాళ్ళం. మనిషికి వంద బిళ్ళలు. ఆ బిళ్ళలు నేనే చేశాను. డిపోలో పక్కన పడేసిన జామాయిల్ కొమ్మల్ని ఒకే మందాన కోసి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్దితే రెండువేల నాలుగువందలు తయారయ్యాయి. ఆట అయిపోయినా రెండు రోజుల దాకా అందరి వేళ్ళూ జామాయిల్ వాసన వచ్చేవి. ప్రతి పంచుకూ ఇద్దరు, వంతులవారీగా, ముక్కలు చూడకముందే తప్పనిసరిగా కొన్ని బిళ్ళలు మధ్యలో వేయాలి. దాన్ని మేం శిస్తు అనేవాళ్ళం. పొద్దున ఒకటీ రెండూ ఉండే శిస్తు అరగంటకోసారి పెరుగుతుంది. మధ్యాహ్నానికి నడ్డి విరుస్తుంది. బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోవాలి.

లేచిపోయినవాడు ఊరికే పోవడానికి లేదు, అదీ అక్కడి పద్ధతి. ఒంటిగంటకు బిర్యానీ. దానికి ముందు ఓడినవాళ్ళు పొయ్యి దగ్గరికెళ్ళి ఉల్లిగడ్డలు కోయాలి. ఎరువుల దుకాణం ఆయన, బడి సారు, పెద్ద రైతులు, ఎవరైనా సరే. కళ్ళు తుడుచుకుంటూ కోస్తుంటే చాపల మీదివాళ్ళు "ఏందన్నా, గంత దుఃఖమా?" అని ఏడిపించేవాళ్ళు. అందుకని పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా ఎవరూ ధైర్యం చేసేవాళ్ళు కాదు. మంచి ముక్కలు పడితే తప్ప చెయ్యి ముందుకు చాపరు. నేను అసలే చాపను.

సిస్టరమ్మ ఆ మూడు గంటలకోసమే వచ్చేది.

అరవై దాటిన మనిషి. నేత చీర మీద బూడిదరంగు స్వెట్టరు, ఎడమ భుజం దగ్గర పిన్నుతో గుచ్చిన పాత వాచీ, బుగ్గలో లవంగం. చాప మీద కూర్చోలేక నీలం ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకునేది. ముక్కల్ని ఒక్కసారే చూసేది, మళ్ళీ ముట్టుకునేది కాదు. తర్వాత ఆమె చూపంతా మా మెడల మీదే. చెవి కింద కొట్టుకునే నరాన్ని చూసి, భుజం మీది వాచీని చూసి, పెదాలతో ఏదో లెక్కపెట్టుకొని "నూటపది ఉన్నది సారూ, పడెయ్యి" అనేది. బడి సారు నిజంగానే ముక్కలు పడేసేవాడు. మూడో ఏడు నుంచి సగం మంది మఫ్లర్లు కట్టుకొని రావడం మొదలుపెట్టారు. "చలి గంత ఉన్నదా ఇయ్యాల?" అని నవ్వి, వాళ్ళ చేతివేళ్ళు చూడటం మొదలుపెట్టింది.

పోకర్ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు ఒక దొరసాని డాక్టరమ్మ వానాకాలం కరెంటు లేనప్పుడు నేర్పిందని చెప్పేది. "బి కాంప్లెక్స్ మాత్రలతోటి ఆడేటోళ్ళం. గెలిచినోళ్ళకు బలం, ఓడినోళ్ళకు నీరసం." ఆ అలవాటు పోలేదు. గెలిచిన బిళ్ళల్ని పదేసి చొప్పున రెండు వరసల్లో, మాత్రల పట్టీలాగా పేర్చుకునేది. దూరం నుంచి కూడా ఎన్నున్నాయో చెప్పగలిగేవాణ్ణి.

పొద్దున ఆమె ఆట నాకు చూడటానికే భయంగా ఉండేది. ముక్కలు ఎలాంటివైనా సరే, ముందు తనే నాలుగు బిళ్ళలు పెంచేది. అవతలివాడికి ఉల్లిగడ్డలు గుర్తొచ్చి పడేసేవాడు. మళ్ళీ పెంచేది. మళ్ళీ పడేసేవాళ్ళు. ఆమెకు దక్కేవి ఒక్కోసారి మూడు బిళ్ళలు, ఒక్కోసారి అయిదు. పెద్ద గెలుపు ఒక్కటీ ఉండదు. ఎవడైనా ఎదురుతిరిగి పెంచితే మారుమాట లేకుండా ముక్కలు పడేసి "నీదే బిడ్డా, తీస్కో" అనేది. అలా తీసుకుంటూ, అప్పుడప్పుడూ ఇస్తూ, బిర్యానీ వాసన వచ్చేసరికి ఆమె ముందు మూడొందలో నాలుగొందలో ఉండేవి.

నేను ఇంట్లో ఒక ఎండాకాలమంతా పేక పంచుకొని, ఏ జత ఎన్నిసార్లు వస్తుందో గీతలు గీసి పట్టిక తయారుచేసుకున్నాను. పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి, ఎవరూ నేర్పలేదు. ఆ పట్టిక ప్రకారం ఆమె ఆడే చేతుల్లో సగానికి పైగా ఆడకూడనివి. ఒకసారి ఉండబట్టలేక చెప్పాను.

"అమ్మా, నువ్వు పెంచిన చేతిల ఏమీ లేదు గదా. లెక్క ప్రకారం తప్పు."

"అవ్, ఏమీ లేదు. నీ చేతిల ఏమున్నది?"

"తొమ్మిదుల జత."

"మరి పడేసినవ్ ఎందుకు?"

ఆమె లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. "పొద్దుగాల బిళ్ళ అగ్గువ తమ్మీ, భయం పిరం. అందరూ పిరమైనదాన్ని దగ్గర పెట్టుకొని అగ్గువదాన్ని నాకిస్తున్రు. నేను తీసుకుంటున్న, గంతే."

ఇంకోసారి నా ముందున్న తొంభై బిళ్ళల్ని చూసి, "నువ్వు దాన్ని కాపాడుతున్నవ్. అది గద నిన్ను కాపాడాలె" అంది. అప్పటికి అది మాట విసురు అనుకున్నాను.

నాకు అర్థంకానిది ఇంకొకటుండేది. ఆమె వచ్చిన ఏళ్ళన్నిట్లో మధ్యాహ్నానికి అందరికన్నా పెద్ద కుప్ప ఆమెదే, ఒక్కసారి తప్ప. అయినా అప్పటికి బోరు ఒక్కసారి కూడా ఆమెకు రాలేదు. ఆమె అడిగేది తన ఇంటికి కాదు, వాగు అవతలి గుంపుకు. నలభై గడపలుంటాయి. అక్కడి మొదటి కాన్పు చేసినప్పుడు నీళ్ళకోసం గంటన్నర ఆగాల్సివచ్చిందట. ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ, చివరికి ఈ తోటకు వచ్చింది. ఆ విషయం అందరికీ తెలుసు. కానీ ఎవరి ఎండిన చేను వాళ్ళది. నాది మూడెకరాల మిరప. పాత బోరు కూలిపోయి అప్పటికి రెండేళ్ళు. ట్యాంకరు నీళ్ళతో ఒక పంట, దేవుడి దయతో ఒక పంట. పొద్దున బయల్దేరుతుంటే నా భార్య టిఫిన్ డబ్బా ఇస్తూ "ఈసారన్న గెల్వు. ఉల్లిగడ్డలు ఇంట్ల గూడ కోయొచ్చు" అనేది.

మూడేళ్ళ కిందటి శనివారం బిర్యానీ అయ్యాక పన్నెండు మందిమి మిగిలాం. మా చాప మీద ఆరుగురం. ఆమె ముందు ఆరువందల ఇరవై, నా ముందు నూటనలభై. ఒంటిగంటన్నరకు ఆమె ఫోన్ మోగింది. అవతల గుంపు ఆశా కార్యకర్త. గుంపులో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి, అంబులెన్సు వాగు ఇవతలే ఆగిపోయింది, వాగులో నడుములోతు నీళ్ళు.

సిస్టరమ్మ లేచి స్వెట్టరు సర్దుకుంది. కుప్పను చూసి, నన్ను చూసింది.

"తమ్మీ, నువ్వు లెక్కలోడివి. నేను పోతె గిది ఎంతసేపు కూసుంటది?"

నియమం ఏమిటంటే, మనిషి లేకపోయినా కుప్ప చాప మీదే ఉంటుంది. ముక్కలు పంచి పక్కన పడేస్తారు, వంతు వచ్చినప్పుడల్లా శిస్తు మాత్రం తీస్తారు. అప్పుడు వెలిగింది నాకు. ప్రతి ఏడూ ఆమె ఇలా లేచి పోయింది. ఒకసారి పాము కాటు, ఒకసారి జ్వరం, ఒకసారి కాన్పు. పొద్దున అంత ఆత్రంగా పోగేసింది గెలవడానికి కాదు. తను లేనప్పుడు తన బదులు కూర్చోవడానికి.

లెక్క కట్టాను. ఆరుగురం. ఒక్కో పంచుకు అయిదు నిమిషాలు. అంటే అరగంటకు ఒక చుట్టు. చుట్టుకు ఆమె శిస్తు ముప్పై, తర్వాత నలభై అయిదు, అరవై, తొంభై, నూటఇరవై, నూటఎనభై. మొత్తం అయిదువందల ఇరవై అయిదు.

"నాలుగున్నర దాకా ఢోకా లేదమ్మా. అప్పటికి గూడ తొంభై అయిదు మిగుల్తయ్."

"నాలుగింటికల్ల వస్త" అని రిగ్గన్న జీపెక్కి పోయింది.

నా లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ అయిదు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో నేను చూసుకోలేదు. అవి నావి. నా వంతు వచ్చినప్పుడల్లా పట్టిక గుర్తుచేసుకుంటూ, వేళ్ళు మడుస్తూ, అందరితో తిట్లు తింటూ నేనే ఆటను అంత నెమ్మదిగా నడిపించేవాణ్ణి.

ఆమె జీపు తోట దాటగానే ఎరువుల దుకాణం ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "జల్ది జల్ది పంచున్రి. మనిషి లేని కుప్ప, ఎన్ని చుట్లు తిరిగితె అన్ని బిళ్ళలు."

ముక్కలు పడటం, తీసిపారేయడం, మళ్ళీ పంచడం. నేను కూడా. పట్టిక గుర్తుచేసుకోలేదు, వేళ్ళు మడవలేదు. చూడటం, పడేయడం. అందులో నియమం తప్పింది ఏదీ లేదు. మాలో ఎవరైనా ఓడి లేస్తే, పక్క చాప నుంచి వచ్చినవాడు కూడా అదే వేగం అందుకున్నాడు. అరగంటకు రెండు చుట్లు. ఆమె శిస్తు పడ్డ ప్రతి చేతిలోనూ నేను ముందే పెంచి ఆ బిళ్ళల్ని లాక్కున్నాను, వీలైనన్నిసార్లు. నాలుగింటికి పది నిమిషాల ముందు ఆమె స్టూలు ముందు చాప ఖాళీ అయింది.

నాలుగుంపావుకు వచ్చింది. చీర మోకాళ్ళ దాకా కాదు, నడుము దాకా తడిసి ఉంది. ఖాళీ చాపను చూసింది. భుజం మీది వాచీ చూసుకుంది. తర్వాత నా ముందున్న కుప్పను చూసింది. మెడ వైపు చూడలేదు.

"ఇయ్యాల నీకు లెక్కలు జల్ది వచ్చినయ్ తమ్మీ."

కోపంగా అనలేదు. పిల్లవాడికి జ్వరం తగ్గిందని చెప్పినట్టు అంది. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి మిగిలిన బిర్యానీ పెట్టించుకొని, రెండు చేతులూ పొయ్యి సెగకు చాపి కూర్చుంది. ఎవరో ఏం పుట్టిందని అడిగితే "ఆడపిల్ల. మంచిగ ఏడ్చింది" అంది.

ఆ సాయంత్రం పోటీ నేను గెలిచాను.

రిగ్గన్న జీపు ఇంకెక్కడికో పోవడంతో ఆమెను నా బండి మీద వాగు దాకా దింపాల్సివచ్చింది. ఆమె మళ్ళీ తల్లినీ బిడ్డనూ చూడాలి. దారిలో ఆట మాట ఎత్తుతుందేమోనని ఎదురుచూశాను. ఎత్తలేదు. మిరపకు ఏ మందు కొడుతున్నానో అడిగింది. వాగు దగ్గర పొద్దు ఇంకా ఉంది. ఒడ్డున ఇసుకలో నలుగురు ఆడవాళ్ళు చెలమ తవ్వుకొని కూర్చున్నారు. గుంటలో నీరు ఊరాలి, చిప్పతో తోడాలి, బిందెలో వడకట్టాలి, మళ్ళీ ఊరేదాకా ఆగాలి. పక్కన వాగు నిండా బురదనీళ్ళు పారుతున్నాయి, తాగడానికి పనికిరావు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒక బిందె నిండటానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆమె చెప్పులు చేతపట్టుకొని వాగులో దిగి అవతలికి పోయింది.

మా చేలో రెండువందల నలభై అడుగుల దగ్గర రెండించుల నీళ్ళు పడ్డాయి. నా భార్య బోరు బండివాళ్ళకు కోడి కోసింది. "నీళ్ళు పడ్డయి గదా, ఏందట్ల మొకం పెట్టినవ్?" అని అడిగింది. అలసటన్నాను. ఆ ఏడు మిరప బాగా పండింది. అది కూడా నిజమే.

తర్వాతి ఏడు ఆమె వస్తుందో రాదో అనుకున్నాను. అదే స్వెట్టరుతో, అదే స్టూలుతో వచ్చింది. పొద్దున మళ్ళీ అదే ఆట. ఉల్లిగడ్డలు తరుగుతున్న బడి సారుకు "కళ్ళు నీళ్ళతోటి కడుక్కో సారూ, చేత్తోటి రుద్దకు" అని సలహా ఇస్తూనే అయిదువందల ఎనభై దాకా పోగేసింది. రెండింటికి ఫోన్ వచ్చింది. పత్తి ఏరుతున్న మనిషిని పాము కరిచింది. లేచింది. ఈసారి నన్ను లెక్క అడగలేదు. కుప్పను ఒకసారి అరచేత్తో సర్ది వెళ్ళిపోయింది.

నా వంతు వచ్చింది. ముక్కలు చూశాను. రెండూ దేనికీ పనికిరానివి. పడేయడానికి క్షణం పట్టదు. నేను వేళ్ళు మడవడం మొదలుపెట్టాను.

"ఏందన్నా, దుంగ కొలుస్తున్నవా?" అన్నాడు ఎరువుల దుకాణం ఆయన.

"లెక్క తెగుతలేదు."

"నీ లెక్క తెగేటాళ్ళకు ఈ తోట పూతకొస్తది!"

"రానియ్యి."

అరగంటకు అందరూ గోల పెట్టారు. రిగ్గన్న వచ్చి ఫోన్‌లో టైమర్ పెట్టాడు, మనిషికి వంతుకు రెండు నిమిషాలు. నేను ప్రతి వంతుకూ రెండు నిమిషాలూ వాడుకున్నాను. టైమర్ కూసినప్పుడే ముక్కలు పడేశాను. రాజుల జత పడ్డప్పుడు ఎంతసేపో, రెండూ మూడూ పడ్డప్పుడూ అంతసేపే. మధ్యలో మంచినీళ్ళు తాగాను, చాప మీద చిందిన బిళ్ళల్ని పేర్చాను, పంచే వంతు వస్తే పేకను ఏడుసార్లు కలిపాను. నా కుప్ప కూడా శిస్తుకు కరుగుతూనే ఉంది. ఎరువుల దుకాణం ఆయనకు విషయం అర్థమై నా వైపు ఒకరకంగా చూశాడు. ఆ తర్వాత తిట్టలేదు. తను కూడా ఒకటి రెండుసార్లు మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు.

ఆమె నాలుగున్నరకు వచ్చింది. మనిషి బతికాడు. స్టూలు ముందు ఇంకా రెండువందల పది ఉన్నాయి. నిలబడే చూసి, రిగ్గన్న చేతిలోని టైమర్ చూసి, కూర్చుంది.

కూర్చున్న మూడో పంచులో నన్ను లేపేసింది. నా దగ్గర ఆసుల జత ఉంది. మిగిలిన అరవై మొత్తం పెట్టాను. ఆమె కూడా అంతే పెట్టింది. ఆమెవి ఏడూ ఎనిమిదీ. నా పట్టిక ప్రకారం అయిదింట నాలుగుసార్లు నాదే. అందరికీ కలిపి మధ్యలో తెరిచే అయిదు ముక్కల్లో ఆఖరిదానికి ఆమెకు వరస కుదిరింది.

"నీదే పెద్దదని ఎరుకే" అంది నా బిళ్ళల్ని లాక్కుంటూ. "కుప్ప ఉన్నోళ్ళకు ఒక తప్పు చెయ్య వీలుంటది. ఇగ లే, పోయి చాయ్ పెట్టు అందరికి."

చాయ్ పెట్టాను. ఆరింటి లోపే పోటీ ముగిసింది. బోరు ఆమెకు వచ్చింది.

పదిరోజులకు గుంపులో బోరు వేశారు. వాగులో నీళ్ళు తగ్గడంతో బండి దాటింది. రెండువందల డెబ్బై దాకా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రిగ్గన్న బీడీ మీద బీడీ కాల్చాడు. రెండువందల తొంభై దగ్గర బురద, ఆ తర్వాత నీళ్ళు. వారానికి చేతిపంపు బిగిస్తుంటే నేనూ పోయాను. సిస్టరమ్మ లేదు, ఇంకేదో గుంపుకు పోయిందన్నారు.

పంపు కొట్టగా కొట్టగా ఎర్రనీళ్ళు పోయి తేట నీళ్ళు మొదలయ్యాయి. ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు గానీ ఎవరూ పట్టుకోవడం లేదు. గుంపు పెద్ద, ముసలాయన, ఒక చెంబు కడిగి నింపి నా దగ్గరికి తెచ్చాడు.

"మొదటి నీళ్ళు నీకియ్యమని చెప్పింది సిస్టరమ్మ. నువ్వు ఆ దినం ఆలస్యం చేస్తేనే బోరు వచ్చిందంట గద సారూ."

ఆడవాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకొని నవ్వారు. నేను చెంబు అందుకోలేదు. మెడకు మఫ్లర్ లేదు. ఆమె అక్కడుంటే ఎంత లెక్కపెట్టేదో.

"పెద్దాయనా, అంతకుముందేడు ఈ బోరు మీకే రావాల్సింది. నేను తొందరగా ఆడి..."

"ఎరుకే" అన్నాడు ముసలాయన, చెంబు ఇంకొంచెం ముందుకు చాపి. "అది గూడ చెప్పింది. తాగు."

తాగాను.